అన్నిట్లోనూ సల్ఫర్ 10 శాతమే, మరి ఏది కొనాలి?

ప్రశ్న: అక్కా, నేను డాలస్ దగ్గర ఎమ్మెస్ చేస్తున్నా. ఇక్కడికొచ్చాక మొహం మీద పింపుల్స్ బాగా ఎక్కువయ్యాయి. బుగ్గల మీద చీము పట్టినవి, నుదుటి మీద చిన్న చిన్నవి దురద పెట్టేవి, పీరియడ్స్ ముందు దవడ మీద లోపల గడ్డలా నొప్పి పుట్టేవి. తగ్గినా నల్ల మచ్చ నెలల తరబడి పోవట్లేదు. పింపుల్స్ మందు బెంజాయిల్ పెరాక్సైడ్‌లో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఉందని న్యూస్‌లో చూసి భయపడి సల్ఫర్ వాడదాం అనుకుంటున్నా. నాలుగు చూశా. ఒకటి 7 డాలర్ల ఆయింట్‌మెంట్, సల్ఫర్ 10 శాతం, పాలీఎథిలిన్ గ్లైకాల్ బేస్. రెండోది 19 డాలర్ల పింక్ లోషన్, అదీ 10 శాతమే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, క్యాలమైన్, కర్పూరం, జింక్ ఆక్సైడ్, శాలిసిలిక్ యాసిడ్ ఉన్నాయి. మూడోది 50 డాలర్ల మాస్క్, మళ్ళీ 10 శాతమే, కేయోలిన్, బెంటొనైట్, గ్లిజరిన్, టీ ట్రీ ఆయిల్. నాలుగోది సల్ఫర్ 8 శాతం, రిసార్సినాల్ 2 శాతం ఉన్న క్రీమ్. రూమ్మేట్‌కి డాక్టర్ రాసిచ్చిన సల్ఫర్ ఫేస్ వాష్ కూడా ఉంది, వాడుకోమంటోంది. చిన్నప్పుడు సెప్ట్రాన్ వేస్తే ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి, నాకు సల్ఫా పడదని అప్పట్నుంచీ ఇంట్లో అంటారు, మరి సల్ఫర్ రాయొచ్చా? అమ్మేమో గంధకం గజ్జికి రాస్తారే, మొహానికెవరు రాస్తారు అంటోంది. మచ్చలకని ఊళ్ళో మెడికల్ షాపతను ఇచ్చిన క్రీమ్ ఒకటి పార్శిల్‌లో పంపుతానంటోంది కూడా.

సమాధానం: చెల్లీ, ముందు ఆ సెప్ట్రాన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిగతావన్నీ డబ్బులు, వాసన, మచ్చల గొడవ, ఇదొక్కటే నిజంగా ఒంటి మీదకి తెచ్చే విషయం. సల్ఫా మందు వేరు, సల్ఫర్ వేరు. సెప్ట్రాన్‌లో ఉండేది సల్ఫామెథాక్సజోల్ అనే యాంటీబయాటిక్, దాంట్లో సల్ఫర్ పరమాణువు ఒకటి ఉన్నమాట నిజమే కానీ నీకు పడనిది ఆ మందు మొత్తం, అందులోని సల్ఫర్ కాదు. అసలు సల్ఫరే పడకపోతే మన జుట్టు, గోళ్ళు, రోజూ తినే ఉల్లిపాయ, వెల్లుల్లి ఏవీ పడకూడదు, వాటన్నిట్లో ఉండేది అదే కదా. కాబట్టి ఉత్త గంధకం ఉన్న ఆయింట్‌మెంటో మాస్కో నీ సల్ఫా అలర్జీ వల్ల వాడకూడదనేం లేదు. కానీ మీ రూమ్మేట్ ఫేస్ వాష్ మాత్రం ముట్టుకోకు. డాక్టర్ రాసిచ్చే సల్ఫర్ వాష్‌లలో సోడియం సల్ఫాసెటమైడ్ 10 శాతం, సల్ఫర్ 5 శాతం కలిసి ఉండటం మామూలు, ఆ సల్ఫాసెటమైడ్ అచ్చంగా నీకు పడని కుటుంబంలోదే. మొహానికి రాసి కడిగేసేదే కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు, సల్ఫా పడనివాళ్ళు దాన్ని వాడకూడదనే దాని మీద రాసి ఉంటుంది. ఆ బాటిల్ మీద సల్ఫాసెటమైడ్ అనే మాట కనపడిందా, అక్కడితో ఆపెయ్. ఇంకోటి, నీ సెప్ట్రాన్ సంగతి అక్కడ ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా మొదటే చెప్పు.

ఇక అమ్మ మాట. అమ్మ చెప్పింది నిజం, గజ్జికి గంధకం రాస్తారు, ఇప్పటికీ చంటిపిల్లలకీ గర్భిణులకీ గజ్జి వస్తే 5 నుంచి 10 శాతం సల్ఫర్ ఆయింట్‌మెంట్ రాసే పద్ధతి ఉంది. అదే గంధకం మొటిమలకీ పనికొస్తుంది, పైగా ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ ఏం కాదు, 1950లో అమెరికాలో క్లియరాసిల్ మొదటిసారి వచ్చినప్పుడు దాంట్లో ఉన్నది సల్ఫర్, రిసార్సినాలే. నీ నాలుగో క్రీమ్ అంటే దాదాపు ఆ పాత ఫార్ములానే అన్నమాట.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే ఏది కొనాలో నీకే తెలుస్తుంది. సల్ఫర్ నీళ్ళలో కరగదు, పొడి రూపంలోనే చర్మం పై పొరలో ఉండి అక్కడి కణాల్లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో కలుస్తుంది, అప్పుడు కొద్దికొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చేది దానివల్లే. అది చర్మం పైన పేరుకున్న గట్టి పొరని వదులు చేస్తుంది, మూసుకుపోయిన రంధ్రం తెరుచుకుంటుంది, పొట్టు లేస్తుంది. అదీగాక చర్మం మీద సల్ఫర్ పెంటాథయోనిక్ యాసిడ్‌గా మారి బ్యాక్టీరియా మీద, ఫంగస్ మీద కొంత పనిచేస్తుందని చెప్తారు. పొడి ఎంత మెత్తగా ఉంటే చర్మానికి అంత బాగా తగులుతుంది, అందుకే లేబుల్ మీద ప్రెసిపిటేటెడ్ అనో కొల్లాయిడల్ అనో ఉంటే మంచిదే, అవి మెత్తటి రకాలు. ఇంతకుమించి అద్భుతాలు ఆశించకు. 1972లో ఇద్దరు అమెరికన్ చర్మ డాక్టర్లు అసలు సల్ఫరే రంధ్రాలు మూసేస్తుందేమో అని అనుమానం లేపారు, 1978లో వేరేవాళ్ళు మళ్ళీ పరీక్షించి అలా ఏం జరగట్లేదన్నారు, ఆ భయం ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉంటుంది, నువ్వు పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు రాసిన మూడింట్లోనూ 10 శాతమే ఉందని గమనించావు కదా, అది ఊరికే కుదరలేదు. అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండా మొటిమల కోసం అమ్మేవాటిలో సల్ఫర్ 3 నుంచి 10 శాతం లోపే ఉండాలని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రూలు. అందుకే 7 డాలర్లదీ 10 శాతమే, 50 డాలర్లదీ 10 శాతమే. ఎక్కువ డబ్బులు పోస్తే ఎక్కువ గంధకం రాదు. నువ్వు చూడాల్సింది ఆ శాతం కాదు, గంధకంతో పాటు డబ్బాలో ఇంకేం పెట్టారు, అది నీ మొహం మీద ఎంతసేపు ఉండబోతోంది, ఈ రెండే. నీలాంటి గోధుమరంగు చర్మానికైతే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మన చర్మం కొంచెం మండినా, కొంచెం ఒరుసుకుపోయినా ఆ చోట నల్లగా మచ్చ వేస్తుంది. మొటిమ వారంలో పోతుంది, మచ్చ నెలలుంటుంది, ఈ సంగతి నీకే తెలుసు. కాబట్టి ఎక్కువ మంట పెట్టేది ఎక్కువ పనిచేసేది అనే లెక్క మనకి అస్సలు కుదరదు.

లేబుల్ చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో, అక్కడ ఇలాంటి వాటి వెనక డ్రగ్ ఫ్యాక్ట్స్ అని డబ్బా గీసి ఉంటుంది, పైన యాక్టివ్, కింద ఇనాక్టివ్. మామూలు క్రీముల్లో ముందు రాసింది ఎక్కువ, చివర రాసింది తక్కువ అని చదువుకుంటాం కదా, ఈ మందు లేబుళ్ళలో ఇనాక్టివ్ లిస్టు చాలాసార్లు అక్షరక్రమంలో ఉంటుంది. పేర్లు ఏ, బీ, సీ అనుకుంటూ వరసగా పోతున్నాయంటే ఏది ఎంత ఉందో నీకు తెలిసే దారి లేదు. అలో ముందు ఉందని అలో దండిగా పోశారనుకుని మురిసిపోవద్దు, దాని పేరు ఏ తో మొదలవుతుంది, అంతే.

పింక్ లోషన్ నుంచి మొదలుపెడతా, ఎందుకంటే ఇన్‌స్టాలో అందరూ చూపించేది అదే, నీ మనసు కూడా అటే ఉందనిపిస్తోంది. దాంట్లో ఆరబెట్టేవి ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసిన నిమిషంలో ఎగిరిపోతూ చర్మం మీది జిడ్డుని లాగేస్తుంది, కర్పూరం చల్లగా అనిపిస్తుంది కానీ మంట పెట్టే గుణం ఉన్నదే, క్యాలమైన్ అంటే జింక్ ఆక్సైడ్‌లో కొంచెం ఐరన్ ఆక్సైడ్ కలిపింది, ఆ పింక్ రంగు దాంది, అది మాత్రం మంచిదే, తడిని పీల్చుకుని కాస్త ఉపశమనం ఇస్తుంది. శాలిసిలిక్ యాసిడ్ యాక్టివ్‌లో కాకుండా కింద లిస్టులో ఉంటే ఎంత ఉందో వాళ్ళు చెప్పాల్సిన పని లేదు. ఇవన్నీ కలిపి రాత్రంతా మొహం మీద వదిలేస్తే జిడ్డు మొహమైనా సరే పొద్దుటికి పెళుసెక్కుతుంది, పెళుసెక్కిన చోట గోకుతాం, గోకితే మచ్చ. ఇది పనికిరాదని అనట్లేదు, తల తెల్లగా తేలిన ఒకటో రెండో పొక్కుల మీద, బాటిల్ ఊపకుండా అడుక్కి దిగిన పింక్ ముద్దలో ఇయర్‌బడ్ ముంచి చుక్క పెడితే బానే పనిచేస్తుంది. బుగ్గంతా పులిమే వస్తువు కాదు అది. మచ్చలు నిలబడిపోతున్నాయన్నావు కాబట్టి నీకు ఇది నా మొదటి ఎంపిక కాదు.

రిసార్సినాల్ క్రీమ్ వద్దు. ఇది గట్టిగానే చెప్తున్నా. రిసార్సినాల్ 2 శాతం, సల్ఫర్ 3 నుంచి 8 శాతం కలపొచ్చని రూల్స్ ఒప్పుకుంటాయి, చట్టప్రకారం తప్పేం లేదు, తెల్లవాళ్ళకి దశాబ్దాలుగా అమ్మారు. కానీ చామనఛాయ నుంచి నలుపు చర్మం ఉన్నవాళ్ళలో కొందరికి అది రాసిన చోట ముదురు గోధుమ రంగు పొలుసు కడుతుంది, మానేస్తే పోతుంది అంటారు, సరే, కానీ మచ్చల గురించే ఏడుస్తున్న మనిషి కోరి కోరి అది ఎందుకు తెచ్చుకోవాలి? పైగా చిట్లిన చర్మం మీద, ఎక్కువ మేర రాయకూడదని దాని లేబుల్ మీదే రాస్తారు, ఎందుకంటే అది చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది.

మాస్క్ మంచి వస్తువే. కేయోలిన్, బెంటొనైట్ రెండూ మట్టులు, జిడ్డు పీలుస్తాయి, గ్లిజరిన్ కాస్త తేమ పట్టి ఉంచుతుంది, అన్నిటికన్నా ముఖ్యం పది నిమిషాల్లో కడిగేస్తాం కాబట్టి చర్మం కోలుకోడానికి టైం ఉంటుంది. టీ ట్రీ ఆయిల్ కొందరికి పడదు, అలర్జీ తెప్పించే నూనెల్లో అదొకటి, అది లేనిది దొరికితే నయం. మాస్క్ పూర్తిగా ఆరి బీటలు వారేదాకా ఉంచుకోకు, ఇంకా కొంచెం తడిగా ఉండగానే గోరువెచ్చటి నీళ్ళతో కడిగెయ్, రుద్దకు. నాకున్న అభ్యంతరమల్లా ధరే, ఎందుకంటే ఇదే పని 7 డాలర్ల ఆయింట్‌మెంట్‌తో చేసుకోవచ్చు.

ఆయింట్‌మెంట్‌లో గంధకం, దాన్ని పట్టి ఉంచే పాలీఎథిలిన్ గ్లైకాల్, అంతే, ఆల్కహాల్ లేదు, కర్పూరం లేదు, సెంటు లేదు. ఆ బేస్ నీళ్ళతో కడిగితే పోయే రకం, వ్యాసెలిన్‌లా అంటుకుని ఉండిపోదు. ఏం పడలేదో తెలుసుకోవాలన్నా ఇలా రెండే వస్తువులున్నది సులువు, పదిహేనున్నదైతే దేనివల్ల మండిందో ఎవరు చెప్పగలరు? నేనైతే నీకు ఇదే కొనమంటా, కానీ రాత్రంతా ఉంచే మందులా కాదు, మాస్క్‌లా వాడు. ముందు చెవి వెనకో దవడ కిందో చిన్న చుక్క రాసి, రెండు మూడు రోజులు అలా చేసి చూడు. ఎర్రబడకపోతే మొహం కడిగి పూర్తిగా ఆరాక బుగ్గల మీద, నుదుటి మీద పల్చగా రాసి పది నిమిషాలకి కడిగెయ్, వెంటనే వాసన లేని మామూలు మాయిశ్చరైజర్. వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టు, పొట్టు లేవకుండా ఉంటే పెంచు. కళ్ళ చుట్టూ, పెదాల మూలల్లో, ముక్కు మడతల్లో వద్దు. పొద్దున సన్‌స్క్రీన్ మానావంటే మాత్రం ఇదంతా వృథా, టెక్సాస్ ఎండకి ఉన్న మచ్చలు ఇంకా ముదురుతాయి. వెండి గొలుసు, వెండి ఉంగరం ఉంటే తీసి పక్కన పెట్టి రాసుకో, గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది.

ఇప్పుడు ఒక ముఖ్యమైన మాట. నీ మొహం మీద ఉన్నవి మూడు రకాలు, సల్ఫర్ ఆ మూడింటికీ సమానంగా పనిచెయ్యదు. బుగ్గల మీద చీము పొక్కులకి పనిచేస్తుంది. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతున్నాయంటే అవి అసలు మొటిమలు కాకపోవచ్చు, చెమట, జిడ్డు వల్ల వెంట్రుక కుదుళ్ళలో పెరిగే మలసీజియా అనే ఈస్ట్ పని అయ్యుండొచ్చు, దానికీ సల్ఫర్ కొంత సాయం చేస్తుంది, తగ్గకపోతే డాక్టర్ కీటోకొనజోల్ లాంటి ఫంగస్ మందు రాస్తారు. తలకి కొబ్బరినూనె పెట్టుకుని పడుకునే అలవాటుంటే కొన్నాళ్ళు ఆపి చూడు, లేదా తలస్నానానికి గంట ముందు మాత్రం పెట్టుకో, నూనె నుదుటి మీదకి దిగి అక్కడ ఇలాంటివి లేపడం మన ఇళ్ళల్లో చాలా మామూలు. దవడ గడ్డలకి మాత్రం ఏ సల్ఫరూ అందదు, అవి లోతుగా పుట్టేవి, పీరియడ్స్ ముందు వస్తున్నాయంటే హార్మోన్ల సంగతి. పీరియడ్స్ క్రమం తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు మందంగా వస్తున్నా పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూపించుకోవాలి. యూనివర్సిటీ స్టూడెంట్ హెల్త్ సెంటర్‌కి అపాయింట్‌మెంట్ పెట్టుకో, అక్కడ ఫీజు, ఇన్సూరెన్స్ ఎంత కవర్ చేస్తుంది అని ముందే అడుగు, మొహమాటపడకు. ఆ గడ్డల్ని మాత్రం నొక్కకు తల్లీ, గుంట పడితే ఏ క్రీమూ పూడ్చలేదు.

బెంజీన్ భయం గురించి. బెంజాయిల్ పెరాక్సైడ్ వేడికి కొంచెం కొంచెంగా బెంజీన్‌గా విడిపోతుందన్నది నిజమే. ఎఫ్‌డీఏ 95 రకాలు టెస్ట్ చేసి 2025 మార్చిలో రిజల్ట్స్ చెప్పింది, 90 శాతం పైగా వాటిలో బెంజీన్ అసలు కనపడలేదు లేదా చాలా చాలా తక్కువ ఉంది, ఎక్కువున్న కొన్నిటిని వెనక్కి తెప్పించారు. కాబట్టి దాన్ని జీవితాంతం వెలివెయ్యక్కర్లేదు, ఎండలో కార్లో వదిలెయ్యకుండా చల్లగా ఉన్నచోట పెట్టుకుని, డేటు దాటినది పారేస్తే చాలు. ఎందుకింత చెప్తున్నానంటే సల్ఫర్ కన్నా దానికి రుజువులు చాలా బలంగా ఉన్నాయి. అమెరికా డెర్మటాలజీ అకాడమీ 2024లో ఇచ్చిన మొటిమల గైడ్‌లైన్స్‌లో గట్టిగా సిఫార్సు చేసినవాటిలో బెంజాయిల్ పెరాక్సైడ్, విటమిన్ ఏ జాతి మందులైన రెటినాయిడ్లు ఉన్నాయి, సల్ఫర్ లేదు. ఆ రెటినాయిడ్లలో ఒకటైన అడాపలీన్ 0.1 శాతం జెల్ అక్కడ 2016 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది, మచ్చలకీ మొటిమలకీ రెండిటికీ అజెలాయిక్ యాసిడ్ బాగుంటుంది, మన రంగు చర్మానికి అది చాలా మంచి మందు. సల్ఫర్‌తో ఆరేడు వారాలు చూడు, తేడా లేకపోతే వీటి మీదకి మారు, గర్భం ప్లాన్ ఉన్నవాళ్ళు మాత్రం అడాపలీన్ వద్దు. సల్ఫర్ రాసిన రాత్రే అడాపలీన్ కూడా రాయకు, రెండూ కలిస్తే మొహం ఊడొస్తుంది.

ఇక ఆ పార్శిల్. నాకు మిగతా అన్నిటికన్నా దీని గురించే ఎక్కువ బెంగ. మెడికల్ షాపుల్లో మచ్చలకని చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. వారంలో మొహం మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలి మొటిమలు రెట్టింపవుతాయి, మానేస్తే భగ్గుమంటుంది. 2018లో మన ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. అది కాకుండా తెల్లబరిచే లోకల్ క్రీమ్ అయితే పాదరసం ఉండొచ్చు, 2023లో కేరళ మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు రాసుకున్నవాళ్ళకి కిడ్నీ జబ్బు రావడం బయటపడింది. పాదరసం ఉన్న మొహం మీద నువ్వు గంధకం రాశావో, రెండూ కలిసి దుర్వాసన వచ్చి, చర్మం మండి, నల్లగా మరక పడొచ్చు, సల్ఫర్ మందుల హెచ్చరికల్లో ఈ మాట ఎప్పట్నుంచో ఉంది. అమ్మ ప్రేమతోనే పంపుతోంది, తనని ఏమీ అనకు. పార్శిల్ బయల్దేరకముందే ఫోన్ చేసి ఆ ట్యూబు వెనక పక్క ఫోటో తీసి పంపమను. సోన్ అనో, సాల్ అనో ముగిసే పేరు కనపడితే పంపొద్దని చెప్పు, అసలు ఏమేం కలిపారో రాయనే లేదంటే ఇంకా గట్టిగా వద్దని చెప్పు. అర్థం కాకపోతే ఆ ఫోటో నాకు పంపు, నేను చూసి చెప్పేదాకా మొహానికి రాయకు.